సుబేదారుగారికి ఇల్లు దొరికింది

విశాలాక్షికి కాకినాడ బదిలీ అయిందని తెలిసి ఆఫీసులో అందరూ అభినందించారు. సముద్రం ఉంది, కాజాలున్నాయి, ఇల్లు దొరకడం చిటికెలో పని అన్నారు. వాళ్ళన్నది అబద్ధం కాదు. ఇల్లు చిటికెలోనే దొరికేది. "మాకో కుక్క ఉందండి" అన్నాక ఇంకో చిటికెలో పోయేది.

ఆమె ఒక ప్రభుత్వ బీమా సంస్థలో పరిపాలనాధికారి. భర్త సీతాపతి తుని హైస్కూల్లో డ్రాయింగు మేష్టారుగా చేసి రిటైరయ్యాడు. పిల్లల్లేరు. కుక్క మాత్రం ఉంది. మేలుజాతీ విదేశీజాతీ కాదు, అచ్చంగా మన వీధి కుక్క. గోధుమ రంగు, ఒక చెవి నిలబడి ఉంటే రెండోది వాలిపోయి ఉంటుంది. పోలీసు జీపు ఎదురైతే రోడ్డు పక్కకి తప్పుకుని నిటారుగా నిలబడడం దాని అలవాటు. అది చూసి సీతాపతి దానికి సుబేదారు అని పేరు పెట్టాడు. ఆ రోజు నుంచీ ఇంట్లో "అది" అన్న మాట పోయి "వాడు" అన్న మాట వచ్చింది. చుట్టుపక్కల వాళ్ళయితే "సుబేదారుగారు" అనేవారు.

కాకినాడలో విశాలాక్షి ఉద్యోగినుల హాస్టల్లో చేరింది. తునిలో మొగుడూ కుక్కా మిగిలారు. ఇంతలో అక్కడి ఇంటి యజమాని, ఇల్లు పడగొట్టించి అపార్టుమెంటు కట్టిస్తున్నానని, నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యమని చెప్పేశాడు. కుక్కని ఎవరికైనా ఇచ్చేసి వచ్చెయ్యమని మొగుడికి చెప్పడానికి విశాలాక్షికి నోరు రాలేదు. చెప్పినా అతను వచ్చేవాడు కాదు. ఆ సంగతి ఆమెకి తెలుసు. కొంచెం కోపంగా కూడా ఉండేది.

అద్దె బ్రోకర్ల మౌనాల్లో ఎన్ని రకాలున్నాయో ఆమెకి ఆ రోజుల్లోనే తెలిసింది. కొందరు "కుక్క" అనగానే "సిగ్నల్ లేదు మేడం" అని, మాట స్పష్టంగా వినిపిస్తూ ఉండగానే పెట్టేసేవారు. కొందరు "కనుక్కుని చెప్తాను" అనేవారు. ఆ కనుక్కోవడం ఎంత లోతైన పరిశోధనో, వెళ్ళినవాడు మళ్ళీ తిరిగొచ్చేవాడు కాదు. ఇంకో రకం వాళ్ళు ఏం పంపినా దణ్ణం బొమ్మ పంపేవారు. సుబేదారు ఫొటో పంపినా దణ్ణమే. వాడికి టీకాలు వేయించిన కాగితం పంపినా దణ్ణమే. "అసలు మీరు బతికే ఉన్నారా?" అని రాసినా దణ్ణమే.

చివరికి ఒకరోజు ఆఫీసుకి సెలవు పెట్టి, భానుగుడి సెంటర్లో ఉన్న వీరబాబు దుకాణానికి స్వయంగా వెళ్ళింది. కాకినాడలో వీరబాబుకి తెలియని తాళంచెవి లేదని ప్రతీతి. అతనికి ఆమె చాలాసార్లు ఫోను చేసింది గానీ ముఖాలు చూసుకోలేదు. వీరబాబు కుర్చీ వేయించి, మజ్జిగ తెప్పించాడు. ఇంత మర్యాదస్తుడు తన ఫోను ఎందుకు ఎత్తడా అని ఆమెకి అనుమానం వచ్చి, ఒళ్ళో ఉన్న ఫోనులోంచి అతని నంబరు నొక్కింది. బల్ల మీద అతని ఫోను మోగింది. తెర మీద "కుక్క మేడం ఎత్తకు" అని పడింది.

వీరబాబు దాన్ని బోర్లించాడు. "ఎవరో ఒకావిడండి. కుక్కుందంట. ఒకటే ఫోన్లు."

"లేదని ఒక్క మాట చెప్పెయ్యొచ్చుగా?"

"ఆయ్, చెప్తే ఎందుకు లేదంటారు కదండీ. ఎందుకో చెప్తే అదెందుకంటారు. ఇయన్నీ తెగేసరికి ఇంకో ఇల్లు ఎవరో ఎత్తుకుపోతారు. తమరి సంగతి సెప్పండి. ఇంట్లో ఎంతమందండి?"

"ముగ్గురం."

"ఎవరెవరండి?"

"నేను, మా ఆయన, మా సుబేదారు."

వీరబాబు కుర్చీలో సర్దుకు కూర్చున్నాడు. "సుబేదారుగారా అండి! ఇప్పుడు డ్యూటీలో ఉన్నారాండి?"

వాడు కుక్క అని చెప్పడానికి విశాలాక్షి నోరు తెరిచింది. బోర్లించిన ఫోను కనిపించింది. నోరు మూసి మళ్ళీ తెరిచింది. "లేదండి. ఇంటిపట్టునే ఉంటున్నాడు."

"మందూ గట్రా?"

"ముట్టడు."

"సిగరెట్టు?"

"వాసనే పడదు."

"రాత్రిళ్ళు లేటుగా రావడం, ఫ్రెండ్సూ, పార్టీలూ?"

"చీకటి పడితే గుమ్మం దాటడు. ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే మాత్రం కాస్త గట్టిగా మాట్లాడతాడు."

"మిలట్రీ కదండీ మరి, ఆ మాత్రం ఉండాలండి!" అన్నాడు వీరబాబు, పరవశంగా.

ఈసారి ఆమె తన ఆఫీసు మొబైలు నంబరు రాసిచ్చి వచ్చింది. ఆమె ఎక్కిన ఆటో హాస్టలు చేరకముందే దానికి అతని దగ్గర్నుంచి ఫోను వచ్చింది. ఒక అద్దె బ్రోకరు తనంతట తాను ఫోను చెయ్యడం విశాలాక్షి చిన్నతనం నుంచీ విని ఉండలేదు.

ఇల్లు అఖండ మైత్రీ టవర్స్‌లో మూడో అంతస్తు. ఓనరు రూర్కెలాలో ఉంటాడు. అద్దె తప్ప మరేదీ అతనికి పట్టదు కాబట్టి ఎవర్ని చేర్చుకోవాలన్నది నివాసుల సంఘమే తేలుస్తుంది. సంఘాధ్యక్షుడు లక్ష్మీనరసింహంగారు సహకార శాఖలో డిప్యూటీ రిజిస్ట్రారుగా రిటైరయ్యారు. శాఖలోంచి ఆయన బయటికొచ్చారు గానీ, శాఖ ఆయనలోంచి బయటికి రాలేదు. ఉప్మాలో ఉప్పు తక్కువైతే "ఉప్పు విషయమై తగు చర్య తీసుకోవలసి యున్నది" అని భార్యకి చెప్పే మనిషి. సుబేదారుగారి సంగతి వీరబాబు నోట వినగానే ఆయన ఆ సాయంత్రమే కార్యవర్గాన్ని సమావేశపరిచి తీర్మానం చేయించేశారు.

సామాన్ల లారీ వెనకాల ఆటోలో సీతాపతి, సుబేదారు వచ్చేసరికి గేటు దగ్గర మామిడాకుల తోరణం కట్టి ఉంది. విశాలాక్షి అప్పటికే వచ్చి, ఈ సన్నాహం చూసి గోడవారగా నిలబడి ఉంది. లక్ష్మీనరసింహంగారు కోటు వేసుకుని, చేతిలో పూలదండ పట్టుకుని ఎదురొచ్చారు. ఆయన వెనక కోశాధికారి తాతాజీ. తాతాజీది ఎరువుల వ్యాపారం.

"దేశరక్షణలో తమ యావత్ జీవితమును వెచ్చించిన మహనీయునికి ఆశ్రయమిచ్చుట ఈ సంఘమునకు లభించిన భాగ్యముగా భావిస్తూ..." అని మొదలుపెట్టి, అధ్యక్షులవారు ఆటోలోకి తొంగి చూశారు. "సుబేదారుగారు ఏరీ?"

తన పేరు వినగానే సుబేదారు ఆటోలోంచి దూకి, ఆయన ఎదుట నిటారుగా నిలబడ్డాడు. గేటు దగ్గరి వాచ్‌మన్ ఇదివరకు హోంగార్డుగా చేసినవాడు. ఆ నిలబడడం చూసి, ఏం జరుగుతోందో తెలియకుండానే సెల్యూట్ కొట్టేశాడు.

కమీషను కోసం వచ్చిన వీరబాబు చెప్పులు చేత్తో పట్టుకుని వెనక్కి అడుగులేస్తున్నాడు.

"ఇదేంటిది? కుక్క!" అన్నాడు తాతాజీ. "పెసిడెంటుగారూ, ఇది కుక్కండీ!"

"కనబడుతూనే ఉన్నది" అన్నారు లక్ష్మీనరసింహంగారు.

"నేను ఎక్కడా అబద్ధం చెప్పలేదండి" అంది విశాలాక్షి. ఆ మాట నిజమే.

"అయితే గెంటెయ్యండి. ఇంకా చూస్తారేంటి?" అన్నాడు తాతాజీ.

అధ్యక్షులవారు దండని తాతాజీ చేతిలో పెట్టి, జేబులోంచి కళ్ళజోడు తీసి, తీర్మానం చదివారు. మళ్ళీ చదివారు. ఆయన ముఖంలో కోపం లేదు. నలభై ఏళ్ళుగా కాగితాల్లో బతికిన మనిషికి మంచి చిక్కు కాగితం దొరికినప్పుడు కలిగే కాంతి ఉంది.

"గెంటుటకు వీలు లేదు తాతాజీగారూ. 'సుబేదారుగారు అను వారికి మూడవ అంతస్తునందలి గృహమును అద్దెకొసగుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది' అని ఉన్నది. సదరు సుబేదారుగారు మనిషి అయి యుండవలెనని మనము ఎక్కడా పేర్కొనలేదు. ఆమోదించిన తీర్మానమును రద్దుపరచుటకు సర్వసభ్య సమావేశము కావలెను. లిఫ్టు ప్రారంభోత్సవము నాటి నుంచి మనకు కోరము వచ్చినది లేదు."

"అంటే?"

"అంటే సుబేదారుగారు లోపలికి దయచేయవచ్చును."

విశాలాక్షి ఊపిరి పీల్చుకుని, చేతిసంచీ ఎత్తుకుని బయల్దేరింది. అధ్యక్షులవారు చెయ్యి అడ్డం పెట్టారు.

"తమరెవరమ్మా?"

"నేనండీ. ఇల్లు అడిగింది నేనే."

"తమ పేరు తీర్మానంలో లేదే."

"మరి మా ఆయన?"

ఆయన మళ్ళీ కాగితం చూశారు. "వయోభారము రీత్యా ఒక సహాయకుని అనుమతించియున్నాము. వారు సహాయకుని హోదాలో ప్రవేశించవచ్చును. ఒక్కరే."

సీతాపతి భార్య వంక చూశాడు, కుక్క వంక చూశాడు. సామాను అప్పటికే లారీలోంచి దిగుతోంది. "పోనీ ఇవాల్టికి మేం వెళ్తాంలే విశాలా. వాడికి నీళ్ళు పెట్టాలి" అన్నాడు.

ఆ సాయంత్రం విశాలాక్షి రోడ్డుకి అవతల నిలబడి చూస్తే మూడో అంతస్తు బాల్కనీలో మొగుడూ కుక్కా గాలికి కూర్చుని కనిపించారు. ఇంత తిరిగి, ఇన్ని ఫోన్లు చేసి తాను సంపాదించిన ఇల్లు అది. ఆమె హాస్టలుకి వెళ్ళి, చల్లారిపోయిన ఉప్మా తిని పడుకుంది.

మర్నాటి నుంచి ఆమె అధ్యక్షులవారి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఆయన ఎన్నడూ విసుక్కోలేదు. గౌరవంగా కూర్చోబెట్టి, గౌరవంగానే లేదనేవారు.

"నేను ఆయన భార్యనండీ."

"సహాయకునికి కుటుంబ వసతి కల్పించు నిబంధన లేదమ్మా. తమరు సుబేదారుగారి మీద ఆధారపడిన వారైనచో పరిశీలించవచ్చును. వారికీ తమకూ గల బంధుత్వమును ధ్రువీకరిస్తూ తహసీల్దారువారి పత్రము ఏదైనా...?"

"కుక్కకీ నాకూ బంధుత్వమని తహసీల్దారు ఎలా రాసిస్తాడండీ?"

"అది వారి పరిధిలోని విషయము. అందులో మేము జోక్యము చేసుకొనజాలము."

పొద్దుగూకేదాకా సందర్శకురాలిగా వచ్చి పోవచ్చన్నారు. ఆఫీసు అయ్యాక ఆమె పరుగున వచ్చేది. వాచ్‌మన్ పై అంతస్తుకి ఫోను చేసి, "సుబేదారుగారి కోసం ఎవరో ఆడమనిషి వచ్చారండి, పంపించమంటారా?" అని అడిగేవాడు. సీతాపతి ఒక్కోసారి స్నానంలో ఉండేవాడు. అప్పుడు ఆమె గేటు దగ్గరే నిలబడేది. ఒకరోజు అలా నిలబడి నిలబడి, పైకి వెళ్ళాక మొగుడి మీద విరుచుకుపడింది.

"నన్నిలా వదిలేసి నీకు ముద్ద ఎలా దిగుతోంది?"

"దిగట్లేదే. నువ్వు లేకపోతే వాడూ సరిగ్గా తినట్లేదు. చూడు, ఎలా చిక్కిపోయాడో."

"నేను చిక్కలేదూ?"

సుబేదారు వచ్చి ఆమె ఒళ్ళో తల పెట్టాడు. ఆమెకి ఏడుపొచ్చింది. ఆ పూట చీకటి పడిన సంగతి ఆమె గమనించుకోలేదు. వాచ్‌మన్ వచ్చి మర్యాదగా కిందికి తీసుకెళ్ళాడు.

దారి చూపించింది అధ్యక్షులవారే. ఆయనకి ఆమె మీద జాలి కలిగిందని కొందరన్నారు. నిబంధనావళి తిరగెయ్యడానికి ఒక సాకు దొరికిందన్నారు ఇంకొందరు. ఒక ఆదివారం ఆయనే కబురంపారు.

"ఇరవై రెండవ నిబంధన చూడండమ్మా. 'అద్దెదారు ఒక పెంపుడు ప్రాణిని తన వద్ద ఉంచుకొనవచ్చును.'"

విశాలాక్షి అది చదివింది. "అంటే... ఇక్కడ కుక్కల్ని పెంచుకోవచ్చా?"

"నిరభ్యంతరముగా. మన నిబంధనావళి బెంగుళూరులోని ఒక సొసైటీ నుంచి యథాతథముగా స్వీకరించినది. ఇంతవరకు ఎవరూ చదివి యుండలేదు. అడిగినవారూ లేరు."

"అడగాలంటే ముందు ఎవడైనా ఫోనెత్తాలి కదండీ! అయితే ఇప్పుడు నేను అద్దెదారుగా, వాడు నా కుక్కగా..."

"ఇల్లు ఖాళీ లేదమ్మా. సుబేదారుగారికి ఇచ్చియున్నాము. కాని, సుబేదారుగారు అద్దెదారు. వారు ఒక ప్రాణిని ఉంచుకొనవచ్చును." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ప్రాణి యనగా ప్రాణము కలది అని నిర్వచనములో ఉన్నది. తమరికి ప్రాణము ఉన్నది కదా?"

ఉందో లేదో చెప్పడానికి విశాలాక్షికి కొంత సేపు పట్టింది.

షరతులున్నాయి. సర్వీసు లిఫ్టులోనే రావాలి. మెళ్ళో గుర్తింపు బిళ్ళ ఉండాలి. ఆమె మెళ్ళో ఆఫీసు ఐడీ కార్డు వేలాడుతూనే ఉంది కాబట్టి అది చాలన్నారు. టీకాలు వేయించాలి. పశువుల ఆసుపత్రిలో డాక్టరుగారు సుబేదారుని బల్ల మీదికి ఎక్కించమన్నాడు. వాడికి కాదండీ అని విశాలాక్షి జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. ఆయన కుర్చీ వెనక్కి జరిగాడు. సంగతంతా విన్నాక, తానూ అద్దె ఇంట్లోనే ఉంటున్నానని, తనకి రెండు చిలకలున్నాయని చెప్పి, సూది గుచ్చకుండానే సంతకం పెట్టి ఇచ్చాడు.

అలా ఆమె ఇల్లు చేరింది. ఆ రోజు వండిన వంకాయ కూరంత రుచిగా తన జన్మలో ఏ కూరా కుదరలేదనుకుంది. మూడు కంచాలు పెట్టుకుని తిన్నారు. అవమానం మాట అడిగితే, అది మొదటి రెండు రోజులే. సర్వీసు లిఫ్టులో జనం తక్కువ. పెంపుడు ప్రాణికి నిర్వహణ రుసుం లేదు. సంఘం మీటింగులకి వెళ్ళక్కర్లేదు. ఒకసారి తడి తువ్వాలు మంచం మీద పడేశాడని ఆమె సీతాపతి మీద కేకలేస్తే, "తమ ప్రాణి అరుపుల వలన ఇరుగుపొరుగులకు అసౌకర్యము కలుగుచున్నది" అని సుబేదారుగారి పేర నోటీసు వచ్చింది. సుబేదారు దాన్ని నమిలేశాడు. ఆ ధైర్యం టవర్సులో అంతవరకూ ఎవరూ చేసి ఉండలేదు. వార్త అన్ని అంతస్తులకీ పాకింది.

సంఘం ఎన్నికలు వచ్చేసరికి లక్ష్మీనరసింహంగారూ తాతాజీ అధ్యక్ష పదవికి పోటీ పడ్డారు. ఒకరు గెలిస్తే నోటీసులు, రెండోవారు గెలిస్తే వసూళ్ళు. జనానికి ఇద్దరూ వద్దు. ఎవరో నవ్వులాటకి సుబేదారు పేరు ప్రతిపాదించారు. చేతులు లేచాయి. ఎన్ని లేచాయంటే, తాతాజీ భార్య చెయ్యి కూడా లేచింది.

సుబేదారుగారి పాలన గురించి ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. ఆయన లేచి వెళ్ళిపోతే మీటింగు అయిపోయినట్టే కాబట్టి ఏ మీటింగూ సాగేది కాదు. కార్యదర్శి పదవికి దిగిన లక్ష్మీనరసింహంగారు పక్కన కూర్చుని, "అధ్యక్షులవారు మౌనము వహించినందున ఆమోదించినట్లు భావించడమైనది" అని రాసుకునేవారు. ఆయన జీవితంలో ఇంత సుఖమైన పై అధికారి కింద ఎప్పుడూ పనిచెయ్యలేదట. కుళాయి బాగుపడింది. మెట్ల మీద దీపాలు వెలిగాయి. అధ్యక్షుల ఇంటి ప్రాణి అయినందుకు విశాలాక్షికి కూడా పెద్ద లిఫ్టు వాడుకునే సౌకర్యం కల్పించారు. ఎదురైనవాళ్ళు పక్కకి తప్పుకుని నమస్కారం పెట్టేవారు. ఆమె మొదట్లో సిగ్గుపడేది. తర్వాత తల పంకించడం నేర్చుకుంది.

అప్పుడు రెండో అంతస్తులో ఒక ఇల్లు ఖాళీ అయింది. వీరబాబు ఒక లెక్కల టీచరుని వెంటబెట్టుకొచ్చాడు. పేరు హైమవతి. ముప్పై దాటి ఉంటాయి. ఒక్కతే. చేతిలో మూత ఉన్న బుట్ట.

"ఊరంతా తిరిగానండీ. ఎవరూ ఫోనెత్తరు. ఇక్కడైతే మాలాంటివాళ్ళని అర్థం చేసుకుంటారని చెప్పారు" అంది ఆమె, సభ ముందు నిలబడి.

బుట్ట మూత తీసింది. తెల్లటి పిల్లి తల బయటికి పెట్టి, అధ్యక్షస్థానం వంక చూసింది.

పదవిలోకి వచ్చాక సుబేదారు నోరు విప్పడం అదే మొదటిసారి. కుర్చీ మీంచి బల్ల మీదికి, బల్ల మీంచి జనంలోకి దూకి, గొంతు పోయేదాకా మొరిగాడు. పిల్లి కర్టెను పట్టుకుని పైకి పాకింది. సీతాపతి గొలుసు పట్టుకుని వేలాడాడు. ఆ గొడవలోనే లక్ష్మీనరసింహంగారి కలం సాగిపోయింది. "అధ్యక్షులవారు తీవ్ర అభ్యంతరము వ్యక్తపరచినందున సదరు దరఖాస్తును తిరస్కరించడమైనది."

మర్నాడు విశాలాక్షి ఆఫీసు నుంచి వచ్చేసరికి హైమవతి గేటు బయట నిలబడి ఉంది. బుట్ట రెండు చేతులతో పట్టుకుంది. విశాలాక్షిని చూసి గబగబా ఎదురొచ్చింది.

"మీరేనటగా అండీ, సుబేదారుగారి ఇంట్లో ఉండేది? ఒక్క మాట చెప్పి చూడండి. ఆ ఇరవై రెండో నిబంధన నేనూ చదివాను. పిల్లికీ వర్తిస్తుంది. మీరు చెప్తే వింటారు."

వింటాడో లేదో విశాలాక్షికి తెలియదు. ఒక పూట సుబేదారుని లోపల కట్టేసి, మళ్ళీ మీటింగు పెట్టించవచ్చని మాత్రం తెలుసు. అయితే సుబేదారు పదవి పోవచ్చు. పదవితో పాటు ఇంకేం పోతాయో. వాచ్‌మన్ అప్పటికే ఆమె కోసం పెద్ద లిఫ్టు తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు.

"నేను పెంపుడు ప్రాణిని మాత్రమేనమ్మా" అంది. "పాలనా వ్యవహారాల్లో నేను జోక్యం చేసుకోకూడదు."

పైకి వెళ్ళేసరికి సీతాపతి కాఫీ కలుపుతున్నాడు. సుబేదారు బాల్కనీలో పడుకున్నాడు. కింద పిల్లి సన్నగా, ఆగకుండా అరుస్తోంది. కుక్క నిలబడిన చెవి అటు తిరిగింది.

"ఎవరే కింద?" అన్నాడు సీతాపతి.

"ఎవరో ఇంటి కోసం తిరుగుతున్నారు" అంది విశాలాక్షి. కాఫీ గ్లాసు అందుకుని, బాల్కనీ తలుపు దగ్గరికి వేసింది.